కదలెడు బొమ్మలు - అరువు రంగులు

పిల్లవాని చేతికి గీతలు మాత్రమే గల బొమ్మల పుస్తకమును, రంగుల పెట్టెను ఇచ్చినచో వాడు చిలుకకు ఆకుపచ్చ రంగును, దాని ముక్కునకు ఎరుపు రంగును పూయును. ఎవ్వరును చెప్పనక్కరలేదు. కాని అదే పుస్తకములో చొక్కా తొడిగికొన్న పంది బొమ్మ యున్నదనుకొందము. ఒక పిల్లవాడు ఆ చొక్కాకు పసుపు పూయును. వేరొకడు ఊదా పూయును. వీరిలో ఎవరిది ఒప్పు? చిలుక రంగు లోకమున కలదు గాని, ఆ పంది చొక్కా రంగు ఎక్కడను లేదు. బొమ్మ గీసినవాడే దానికి రంగు నిర్ణయింపలేదు. చూచుటకు మిక్కిలి అల్పముగా దోచు ఈ చిక్కే అమెరికా దేశపు పాత బొమ్మల చిత్రముల విషయమున పెద్ద వివాదమునకు కారణమయ్యెను. నలుపు తెలుపులలో తీసిన కార్టూను చిత్రములకు తరువాతి కాలమున రంగులు వేయుట మేలా, కీడా? పాత చిత్రముల యభిమానులు నేటికిని ఈ ప్రశ్నను గూర్చి వాదించుకొనుచునే యున్నారు. ఈ వాదము రుచికి మాత్రమే సంబంధించినది కాదు. దీని వెనుక కాంతి శాస్త్రము, కంటి నిర్మాణము, మానవుని జ్ఞాపకశక్తి అను మూడును కలిసి యున్నవి.

బూడిద వన్నెల లోకము

సినిమా యంత్రము తెరపై సెకనుకు 24 నిశ్చల చిత్రములను చూపును. ఒక దానికిని తరువాతి దానికిని గల స్వల్ప భేదమును మన మెదడు చలనముగా గ్రహించును. బొమ్మల చిత్రములో ఈ నిశ్చల చిత్రములన్నియు చేతితో గీసినవే. ఏడు నిమిషముల చిత్రమునకు 10,080 ఛాయాచిత్రములు కావలెను. ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు చొప్పున ఛాయాచిత్రము తీసినను 5,040 దశలను గీయవలసి యుండును. ఫ్రాన్సు దేశీయుడైన ఎమిల్ కోల్ 1908లోను, అమెరికా చిత్రకారుడు విన్సర్ మెకే 1911లోను, తరువాత 1914లో తీసిన 'గెర్టీ' అను రాక్షసిబల్లి చిత్రములోను ఇట్టి శ్రమకే ఓర్చిరి.

మెకే తన గెర్టీ చిత్రమున ప్రతి కాగితము మీదను బల్లితో పాటు వెనుకనున్న కొండలను, నేలను గూడ మరల మరల గీయించవలసి వచ్చెను. 1914లోనే ఎర్ల్ హర్డ్ అను నాతడు ఈ శ్రమను తగ్గించు ఉపాయమును కనిపెట్టెను. వెనుకటి దృశ్యమును ఒకే ఒక కాగితముపై చిత్రించి, కదలెడు పాత్రలను మాత్రము పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపై గీసి, ఆ రేకులను దృశ్యముపై పరచి ఛాయాచిత్రము తీయుటయే ఆ ఉపాయము. రేకుకు ముందువైపున సిరాతో గీతలు గీయుదురు. వెనుకవైపున రంగు నింపుదురు. అయితే, నలుపు తెలుపు చిత్రములలో ఆ 'రంగు' సాధారణముగా బూడిద రంగే. మిక్కిలి లేత బూడిద మొదలు మసి నలుపు వరకు మెట్టు మెట్టుగా వన్నెలను కలిపి సీసాలలో నింపి, వానికి అంకెలు వేసి వాడుచుండిరి. రేకు పూర్తిగా పారదర్శకము కాదు. కొంత వెలుగును మ్రింగును. కావున మూడు రేకుల క్రింద నున్న పాత్రకు వేయు బూడిద వన్నె, పైరేకు మీది వన్నె కంటె కొంచెము లేతగా నుండవలెను. లేనిచో తెరపై ఆ పాత్ర నల్లబడినట్లు కనబడును. ఇంత సూక్ష్మమైన లెక్కతో కూర్చిన వన్నెలవి.

పాత్రల రూపములు సైతము నలుపు తెలుపుల కనుగుణముగనే ఏర్పడినవి. 1919లో పుట్టిన ఫీలిక్స్ అను పిల్లి ఒడలెల్ల నలుపు. తెల్లని తెరమీద నల్లని ముద్దగా నున్న శరీరము ఎంత వేగముగా కదలినను కంటికి స్పష్టముగా ఆనును. 1928 నవంబరు 18న న్యూయార్కులో ప్రదర్శింపబడిన 'స్టీమ్ బోట్ విల్లీ' చిత్రములోని మిక్కీ ఎలుకకు చేతులును నల్లనివే, ఒడలును నల్లనిదే. చేయి గుండె మీదికి వచ్చినప్పుడు రెండును కలిసిపోయి చేయి కనబడకుండెడిది. 1929లో మిక్కీకి తెల్లని చేతితొడుగులు వచ్చినవి. నేటి పిల్లలు అందముగా భావించు ఆ తొడుగులు నిజమునకు నలుపు తెలుపుల సమస్యకు దొరికిన పరిష్కారమే.

దీనినిబట్టి ముఖ్యమైన విషయ మొకటి తెలియుచున్నది. నలుపు తెలుపు కార్టూను చిత్రము రంగులు పోయిన చిత్రము కాదు. దానికి మొదటినుండియు రంగులు లేవు. సజీవులైన నటులు నటించిన చలనచిత్రమున నటి కట్టిన చీరకు ఏదో ఒక నిజమైన రంగు ఉండియే తీరవలెను. ఛాయాగ్రాహక యంత్రము దానిని బూడిదగా మార్చినది. కార్టూనులో నట్టి చీరయే లేదు. కావున దీనికి రంగులు వేయుటను 'పునరుద్ధరించుట' యనరాదు. అది క్రొత్తగా కల్పించుటయే.

రంగుల రాక

1932లో వాల్ట్ డిస్నీ సంస్థ 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' అను చిత్రమును మూడు వర్ణముల టెక్నికలర్ పద్ధతిలో విడుదల చేసెను. ఈ చిత్రమును తొలుత నలుపు తెలుపులలోనే ఆరంభించి, మధ్యలో ఆపి, మరల రంగులలో తీసిరి. బొమ్మల చిత్రములకు ఇచ్చు అకాడమీ బహుమానము మొట్టమొదట దానికే లభించినది. మిక్కీ మాత్రము 1935లో 'ది బ్యాండ్ కాన్సర్ట్' వచ్చువరకు సాధారణ ప్రదర్శనలలో నలుపు తెలుపులలోనే ఉండెను. రంగుల పద్ధతికి వ్యయము హెచ్చు. కావున ఇతర సంస్థలు చాలకాలము పాతదారినే నడిచినవి. 1933లో ఫ్లైషర్ సోదరులు తెరకెక్కించిన నావికుడు పొపాయ్, మూడు ప్రత్యేక చిత్రములలో తప్ప, 1943 వరకు నలుపు తెలుపుల వాడే. వార్నర్ సంస్థ 'లూనీ ట్యూన్స్' శ్రేణియు, అందలి నత్తిమాటల పోర్కీ పందియు 1943లోనే పూర్తిగా రంగులలోనికి మారినవి. ఈ విధముగా ఒక దశాబ్దికి పైగా బూడిద వన్నెలలో తయారైన కార్టూనులు వందల సంఖ్యలో పోగుపడినవి.

ఇవి తరువాత టెలివిజను ద్వారా ఇంటింటికిని చేరినవి. 1950లలో అమెరికా గృహములలో నున్న పెట్టెలు నలుపు తెలుపువే గనుక చిక్కు రాలేదు. 1960ల మధ్య భాగమున వర్ణ టెలివిజను వ్యాపించుటతో పరిస్థితి మారినది. డబ్బు పెట్టి రంగుల పెట్టె కొన్నవాడు రంగులనే కోరును. నలుపు తెలుపు చిత్రములను ప్రసార కేంద్రములు ప్రక్కకు నెట్టసాగినవి. వాని హక్కులు గల సంస్థలకు రెండే మార్గములు మిగిలినవి: చిత్రములను బీరువాలో దాచుట, లేదా రంగులు పులిమి తిరిగి అమ్ముట.

చేతితో మారుగీత

1968 ప్రాంతమున వార్నర్ సంస్థ రెండవ మార్గమును పట్టెను. డెబ్బదికి పైగా పోర్కీ చిత్రములను దక్షిణ కొరియాకు పంపి రంగులలో తిరిగి గీయించిరి. జపాను దేశపు 'ఆస్ట్రో బాయ్' శ్రేణిని అమెరికాకు పరిచయము చేసిన ఫ్రెడ్ లాడ్ ఈ పనిని నడిపినవారిలో ముఖ్యుడు. 1970ల ఆరంభమున బెట్టీ బూప్ చిత్రములకును, 1980లలో పొపాయ్ చిత్రములకును ఇదే సంస్కారము జరిగినది.

పద్ధతి చెప్పుటకు సులువు. పాత చిత్రమును ఒక్కొక్క చట్రము చొప్పున అద్దపు బల్లపై ప్రతిఫలింపజేయుదురు. పనివాడు దానిపై రేకునుంచి గీతలను దిద్దును. వేరొకడు రంగులు నింపును. వెనుకటి దృశ్యములను క్రొత్తగా చిత్రింతురు. పిమ్మట అన్నిటిని మరల ఛాయాచిత్రము తీసి, పాత ధ్వనిని జతపరతురు. నకలు గీయువారు నేర్పు లేనివారు కారు. వారికిచ్చిన కాలమును, కూలియు మిక్కిలి తక్కువ. లోపములన్నిటికి అదియే మూలము.

మొదటి లోపము చలనములో వచ్చినది. మూలచిత్రమున వేగమైన కదలికలకు సెకనుకు 24 వేరు వేరు బొమ్మలు గీసియుందురు. ఖర్చు తగ్గించుటకై నకలులో తరచుగా ఒకటి విడిచి ఒకటి గీసిరి. పాత్ర పరుగు మొదలుపెట్టునప్పుడు మూలచిత్రకారుడు తొలి బొమ్మలను దగ్గర దగ్గరగాను, తరువాతి వానిని దూరదూరముగాను గీయును. బరువు గల వస్తువు నిలుకడ నుండి వేగము నందుకొను తీరిదియే. నడుమ బొమ్మలు సగము పోయినచో ఆ బరువు మాయమై, పాత్ర కుదుపులతో ఎగిరిపడినట్లుండును.

రెండవ లోపము గీతలలోనిది. నకలుకు నకలు తీసినప్పుడెల్ల చేతి వణుకు కొంత చేరును. నిలకడగా నుండవలసిన పాత్ర ముఖము గూడ సన్నగా అదరుచుండును. పొగ, వాన, నీడలు మొదలగు సూక్ష్మములు కొన్ని యెడల జారిపోయినవి.

మూడవ లోపము లోతునకు సంబంధించినది. ఫ్లైషర్ సంస్థవారు 1930లలో ఒక చక్కని యంత్రమును నిర్మించిరి. చిన్న చిన్న ఇండ్లు, వీధులు నిజముగా కట్టి, గుండ్రముగా తిరుగు బల్లపై నమర్చి, వాని ముందు సెల్యులాయిడ్ రేకును నిలిపి ఛాయాచిత్రములు తీసిరి. పొపాయ్ నడచుచున్నప్పుడు దగ్గరి ఇండ్లు వడిగాను, దూరపు ఇండ్లు మెల్లగాను జరుగును. రైలు కిటికీలో నుండి చూచువానికి తంతిస్తంభములు పరుగెత్తుచు, దూరపు కొండలు నిలిచియున్నట్లు కనబడుట ఇట్టిదే. చదునైన కాగితముపై చిత్రించిన దృశ్యమున ఈ లోతు నిలువదు. ఎన్ని రంగులు పూసినను పోయిన లోతు తిరిగి రాదు.

ఒక సమీకరణము, మూడు అజ్ఞాతములు

మూలచిత్రములో నున్న బూడిద వన్నెను చూచి అసలు రంగు ఇదియని తేల్చుట సాధ్యమా? ఇది గణితము జవాబు చెప్పవలసిన ప్రశ్న.

కంటిలోని నేత్రపటలమున రెండు విధములైన గ్రాహక కణములు కలవు. దండకణములు సుమారు పన్నెండు కోట్లు. ఇవి మసక వెలుతురులో పనిచేయును, రంగులను గుర్తింపజాలవు. శంకుకణములు సుమారు అరువది లక్షలు. ఇవి మూడు తెగలుగా నుండి, పగటి వెలుతురులో రంగులను తెలుపును. అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలములను మన కన్ను సమానమైన ప్రకాశముతో చూడదు. ఆకుపచ్చ కంటికి మిక్కిలి ప్రకాశవంతముగాను, నీలము మిక్కిలి మందముగాను తోచును. 1953లో అమెరికా ఆమోదించిన వర్ణ టెలివిజను ప్రమాణములో ఈ భేదమును అంకెలతో చెప్పిరి. ఒక రంగు యొక్క ప్రకాశమును లెక్కించుటకు అందలి ఎరుపులో 100కి 30 పాళ్లు, ఆకుపచ్చలో 59 పాళ్లు, నీలములో 11 పాళ్లు తీసికొని కూడవలెను. నలుపు తెలుపు పెట్టె చూపునది ఈ మొత్తమునే.

ఇప్పుడు పోర్కీ చొక్కా బూడిద వన్నె 30 అనుకొందము. అది నిండు ఎరుపు కావచ్చును. 100 పాళ్ల ఎరుపు ఇచ్చు ప్రకాశము 30 గదా. సగము తీవ్రత గల ఆకుపచ్చ కావచ్చును. 50లో 59 వంతుల లెక్కను అదియు రమారమి 30 అగును. 34 పాళ్ల ఆకుపచ్చయు, 90 పాళ్ల నీలమును కలిసిన సముద్రపు రంగైనను మొత్తము 30 వచ్చును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడింటిని తెలియవలసియుండగా చేతిలో నున్నది ఒక్క సమీకరణమే. మూడు అజ్ఞాతములను ఒక్క సమీకరణముతో సాధింపలేమని పాఠశాల విద్యార్థియు ఎరుగును. నేటి కంప్యూటరు తెరపై సాధారణముగా 1,67,77,216 రంగులు చూపవచ్చును. బూడిద వన్నెలు 256 మాత్రమే. అనగా సగటున ఒక్కొక్క బూడిద వన్నె వెనుక 65,536 రంగులు దాగియున్నవి. వానిలో ఏ యొక్క దానినో ఎన్నుకొనువాడు మనుష్యుడే గాని శాస్త్రము కాదు.

ఎన్నిక సరిగా లేనిచో మరియొక ప్రమాదము గలదు. వస్తువుల అంచులను, చలనమును కన్ను గ్రహించునది ముఖ్యముగా ప్రకాశ భేదమును బట్టియే. పాత్రయు, దాని వెనుకటి గోడయు వేరు వేరు రంగులలో నుండియు ప్రకాశమున సమానమైనచో, అంచు అస్థిరముగా తోచును. కదలిక యున్న దానికంటె నెమ్మదిగా కనబడును. ప్రయోగశాలలలో ఇది పలుమార్లు రుజువైనది. మొదటి చిత్రకారుడు బూడిద మెట్లను లెక్కించి పాత్రను గోడ నుండి విడదీసెను. ఆ లెక్క నెరుగక ఎరుపును, ఆకుపచ్చను తోచినట్లు పూసినవాడు ఆ విభజనను చెరిపివేయును.

కంప్యూటరు పద్ధతి

1980లలో వేరొక మార్గము తెరచుకొన్నది. కెనడాకు చెందిన విల్సన్ మార్కిల్ మొదలగువారు కంప్యూటరు సాయమున పాత చిత్రములకు రంగులు వేయు పద్ధతిని వృద్ధిపరచిరి. దీని సూత్రము వర్ణ టెలివిజను సూత్రమే. వర్ణ ప్రసారములో మూడు సంకేతములు కలిసి ప్రయాణించును. ఒకటి ప్రకాశ సంకేతము. తక్కిన రెండును వర్ణ సంకేతములు. పాత నలుపు తెలుపు పెట్టె మొదటి దానిని మాత్రము తీసికొని, తక్కిన రెండింటిని విడిచిపెట్టును. కంప్యూటరు పద్ధతిలో మూలచిత్రపు బూడిద వన్నెనే ప్రకాశ సంకేతముగా నుంచి, వర్ణ సంకేతములను మాత్రము క్రొత్తగా చేర్తురు. గీత మారదు; కదలిక మారదు. బొమ్మపై పలుచని రంగుగాజును పరచినట్లుండును.

ఆ రంగుగాజు అంచులు కొంచెము అటునిటు జరిగినను కన్ను అంతగా పట్టించుకొనదు. సూక్ష్మ వివరములను కన్ను ప్రకాశములోనే వెదకును. రంగును స్థూలముగా గ్రహించి తృప్తిపడును. పసిపిల్లల రంగు గీత దాటినను బొమ్మ చిలుకగనే కనబడుటకు కారణమిదియే.

ఈ పద్ధతిని 1990లలో లూనీ ట్యూన్స్ చిత్రములకును వర్తింపజేసిరి. కొరియా నకలులతో పోల్చిన ఇవి చాల మేలు. 2016 నాటి నుండి లక్షలాది ఛాయాచిత్రములను చూచి నేర్చుకొని, తమంత తామే రంగులను ఊహించు కంప్యూటరు విధానములు గూడ వచ్చినవి. గడ్డి పచ్చగా నుండునని, ఆకాశము నీలముగా నుండునని ఇవి బాగుగా నేర్చినవి. కాని కార్టూను లోకమున పిల్లి నీలముగాను, చెట్టు గులాబి రంగుగాను ఉండవచ్చును. లోకమున లేని వస్తువునకు లోకానుభవము సాక్ష్యము చెప్పజాలదు.

తెలుగువారి అనుభవము

ఈ విషయమున తెలుగువారికిని ప్రత్యక్షానుభవము కలదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమయ్యెను. వర్ణ ప్రసారములు భారతదేశమున 1982లో మొదలైనవి. అయినను చాల ఇండ్లలో పాత నలుపు తెలుపు పెట్టెలే అనేక సంవత్సరములు సాగినవి. ఒకే కార్యక్రమము ఒక ఇంట రంగులలోను, పొరుగింట బూడిదలోను కనబడెడిది. రంగులతో తయారైన కార్టూనులను బూడిదలో చూచి పెరిగిన బాలబాలికలు ఎందరో కలరు. అమెరికా పిల్లలకు జరిగిన దానికి ఇది సరిగా తారుమారు!

1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'మాయాబజార్' చిత్రమునకు హైదరాబాదునందలి ఒక సంస్థ కంప్యూటరు పద్ధతిలో రంగులు వేయగా, అది 2010 జనవరి 30న విడుదలయ్యెను. క్రొత్త తరమువారు దానిని ఉత్సాహముతో చూచిరి. అదే సమయమున, మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులలో సృష్టించిన వెన్నెలయే తమకు వెన్నెల యని చెప్పువారును కలరు. మాయాబజార్ నటులు నిజముగా ఏవో రంగుల వస్త్రములు ధరించిరి గనుక అచ్చట ఊహకు కొంత ఆధారమైన ఉన్నది. పోర్కీ పందికి అదియు లేదు.

ఒక చిన్న పరీక్ష

రంగులు వేసిన పాత కార్టూను ఏ పద్ధతిలో తయారైనదో ఇంటిలోనే పరీక్షించి తెలిసికొనవచ్చును. టెలివిజనులో రంగును తగ్గించు అమరిక యుండును. దానిని పూర్తిగా సున్నకు తేవలెను. కంప్యూటరు పద్ధతిలో రంగులు వేసిన చిత్రమైనచో, వర్ణ సంకేతములు తొలగి, ఇంచుమించు మూలచిత్రమే తెరపై నిలుచును. చేతితో తిరిగి గీసిన చిత్రమైనచో రంగు పోవును గాని మూలము రాదు. కుదుపులు, వణకెడు గీతలు అట్లే యుండును. మొదటిది కప్పిన దుప్పటి వంటిది, తీసివేయవచ్చును. రెండవది కూల్చి కట్టిన ఇల్లు వంటిది. పాత ఇంటిని చూడవలెనన్న దాని పటమును వేరుగా దాచియుండవలెను.

జ్ఞాపకము చేయు పని

ఇంత దోషయుక్తములైన నకలులను ఇష్టపడువారే లేరని తలచుట పొరపాటు. 1970లలో బాల్యము గడపిన అమెరికనులు పలువురు పోర్కీని మొదట చూచినది ఆ వణకెడు రంగుల నకలులలోనే. బడి విడిచి ఇంటికి వచ్చి, పలహారము తినుచు చూచిన పోర్కీ వాడే. పెద్దవారైన పిదప శుభ్రమైన మూలప్రతిని చూచి దాని శ్రేష్ఠత నంగీకరించియు, 'ఇది నా పోర్కీ కాదు' అని మనసులో వెలితి పడువారు కలరు.

1688లో యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, స్వదేశమునకు దూరమైన స్విట్జర్లాండు వారిలో కనబడు బెంగకు గ్రీకు మాటలతో ఒక పేరు కూర్చెను. 'నోస్టాల్జియా' యను నా మాటకు తిరిగి ఇల్లు చేరవలెనను వేదన యని యర్థము. చాలకాలము వైద్యులు దానిని వ్యాధిగా లెక్కించిరి. నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు అట్లు తలపరు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెడికిడెస్, వైల్డ్‌షూట్ మొదలగువారు 2006 నుండి ప్రకటించిన పరిశోధనలలో ఈ భావము చాలవరకు మేలు చేయునదేయని, ఒంటరితనమున తోడుగా నిలుచునని తేలినది. ఆ తీపి జ్ఞాపకములలో వస్తువు కంటె మనుష్యులే ముఖ్యులు. కార్టూను వెనుక అన్నదమ్ములు, స్నేహితులు, ఆనాటి ఇల్లు ఉందురు.

ఒకే వస్తువును పలుమార్లు చూచుటవలననే దానిపై మక్కువ పెరుగునని రాబర్ట్ జాయెన్స్ 1968లో ప్రయోగములతో చూపెను. ఇక్కడ ఏది ముందుగా, ఏది మాటిమాటికి చూచితిమో అదియే మనసునకు అసలైనదిగా తోచును. మూలము ఏదియో నిర్ణయించునది చరిత్ర. మనసునకు ఏది మూలమో నిర్ణయించునది బాల్యము. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే అభిమానుల వాదములు తెగకున్నవి.

మూలప్రతికి రక్ష

జ్ఞాపకము ఎవరికి ఎట్లున్నను, మూలప్రతి నశించినచో తిరిగి రాదు. అసలైన ప్రమాదమిచ్చటనే యున్నది. రంగుల నకలు అమ్ముడుపోవుచున్నంత కాలము నలుపు తెలుపు ప్రతిని ప్రసారము చేయుటకు ఎవ్వరును ముందుకు రారు. ఒక తరమంతయు నకలునే మూలమని నమ్మును. ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేసినది, త్వరగా మండును, కాలక్రమమున కరగి పొడి యగును. అయితే జాగ్రత్తగా సురక్షితమైన ఫిలిముపైకి ఎత్తినచో, నలుపు తెలుపు చిత్రములోని వెండి రేణువులు చిరకాలము నిలుచును. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్ వర్ణపద్ధతిలోని రంగులు కొలది దశాబ్దములకే వెలవెలబోయిన సందర్భములు పెక్కు. రంగు కంటె నలుపు తెలుపే చిరాయువగుట వింత గాని నిజము.

1980లలో సజీవ నటుల చిత్రములకు గూడ రంగులు వేయసాగినప్పుడు దర్శకులు గట్టిగా నిరసించిరి. అమెరికా ప్రతిహక్కుల కార్యాలయము 1987లో ఇట్టి రంగుల ప్రతులను క్రొత్త రచనలుగా నమోదు చేయవచ్చునని తీర్మానించెను. మరుసటి సంవత్సరమే ఆ దేశపు శాసనసభ చలనచిత్ర పరిరక్షణ శాసనము చేసి, ముఖ్య చిత్రములకు జాతీయ జాబితా నేర్పరచెను. ఫ్రాన్సు దేశపు అత్యున్నత న్యాయస్థానము 1991 మే 28న, జాన్ హూస్టన్ తీసిన నలుపు తెలుపు చిత్రమునకు రంగులు వేసి చూపుట రచయితల నైతిక హక్కునకు భంగకరమని తీర్పు చెప్పెను. కార్టూను చిత్రకారులకు ఇట్టి గట్టి రక్ష దొరకలేదు. వారిలో పెక్కురు సంస్థలలో జీతమునకు పనిచేసినవారు. తాము గీసిన బొమ్మలపై వారికి హక్కు లేదు.

కాలము మెల్లగా వారికి న్యాయము చేయుచున్నది. 2007లో పొపాయ్ తొలి చిత్రములను నలుపు తెలుపులలోనే శుభ్రపరచి డిస్కులపై విడుదల చేసిరి. తిరుగు బల్లపై నిర్మించిన ఆ వీధుల లోతు మరల అందరికిని కనబడినది. 2024 జనవరి 1న 'స్టీమ్ బోట్ విల్లీ' అమెరికాలో ప్రజల సొత్తయ్యెను. ఇప్పుడెవరైనను దానికి తమకు నచ్చిన రంగులు పూసికొనవచ్చును.

పూసికొనుటలో తప్పు లేదు. రంగుల ప్రతివలన పాత చిత్రము క్రొత్త కన్నుల నాకర్షించినచో అది మేలే. చేయవలసిన దేమన, రంగుల ప్రతిపై అది రంగులు వేసిన ప్రతియని స్పష్టముగా వ్రాయుట. మూలప్రతిని భద్రపరచి, కోరినవారి కందుబాటులో నుంచుట. అప్పుడు తాతకు తన బూడిద వన్నెల పొపాయ్, తండ్రికి తన వణకెడు రంగుల పోర్కీ, మనుమనికి తన కంప్యూటరు రంగుల మిక్కీ దక్కును. ముగ్గురును ఒకే గదిలో కూర్చుండి, రంగు అమరికను ఒకసారి సున్నకు త్రిప్పి చూచినచో, మొదట గీసిన చేయి ఎంత నేర్పుగలదో ముగ్గురికిని ఒక్కమారే తెలియగలదు.